వెయ్యిమందికి ఎన్ని కార్లు?



కిందటి ఏడాది ఒకరోజు ఎనిమిదో తరగతిలో భూగోళం పాఠం చెబుతున్నాను. ఏ దేశంలో వెయ్యిమంది జనానికి ఎన్ని బండ్లున్నాయో నల్లబల్ల మీద ఒక పట్టిక రాశాను. అమెరికా పక్కన ఎనిమిది వందల పైచిలుకు. చైనా పక్కన రెండు వందల పైచిలుకు. మన దేశం పక్కన సుమారు ముప్ఫై. పిల్లలు నోటుపుస్తకాల్లో ఎక్కించుకుంటున్నారు. మూడో వరుసలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మా పల్లెలో నాలుగో ఐదో కార్లుండాయి. అంటే మేము అందరికన్నా కిందుండేవాళ్లమా?" అని అడిగింది.

ఆ పిల్ల తండ్రి తెల్లవారకముందే టి.వి.ఎస్. బండికి రెండు పక్కలా పాలక్యాన్లు తగిలించుకుని డెయిరీకి వెళ్లే మనిషి. అడిగింది చిన్న ప్రశ్నే. కానీ నాకు జవాబు తోచలేదు. "రేపు చెబుతానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ రేపు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈనాటి ప్రసంగం ఆ అమ్మాయికి నేను బాకీపడ్డ జవాబే అనుకోండి.

ముందుగా ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. దేశంలో రిజిస్టరైన బండ్లను జనాభాతో భాగించి, వెయ్యితో హెచ్చవేస్తే వచ్చేదే అది. అమెరికాలో 2022 నాటికి 28 కోట్లకు పైగా మోటారు వాహనాలున్నాయి. జనం 33 కోట్లు. ఉయ్యాలలో బిడ్డను, మంచం పట్టిన ముసలివారిని కూడా కలుపుకున్నా, ఆరుగురికి ఐదు బండ్లన్నమాట. చైనాలో 2021 చివరికి కార్లు, లారీలు, బస్సులు కలిపి 30 కోట్లు దాటాయి. జనం 141 కోట్లు. ఒకప్పుడు చైనా అంటే మనకు సైకిళ్ల దేశం. ముప్ఫై ఏళ్లలో అది ఎంత మారిపోయిందో చూడండి.

మరి మన దేశం? 2020 మార్చి నాటికి రిజిస్టరైన వాహనాలు 32 కోట్లు దాటాయి. "అరె, అమెరికాను మించిపోయామే!" అని సంతోషపడకండి. వాటిలో నాలుగింట మూడు వంతులు స్కూటర్లు, మోటారు సైకిళ్లు, మోపెడ్లు. కార్లు, జీపులు, టాక్సీలు నూటికి పదమూడు మాత్రమే.

ఇక్కడే నేను చేసిన తప్పు నాకు తెలిసివచ్చింది. అమెరికాకు అన్ని బండ్లూ లెక్కపెట్టి, మనకు ఒక్క కార్లే లెక్కపెట్టాను. మామిడిపండ్లను గంపలో, చింతకాయలను దోసిట్లో కొలిచి పోల్చినట్టుంది నా పట్టిక. బండ్లన్నీ కలుపుకుంటే మన అంకె వెయ్యికి రెండు వందల పైమాటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఆర్.టి.ఓ. దస్తరాల్లో బండి పుట్టుక తప్పకుండా నమోదవుతుంది. చావు మాత్రం సరిగా నమోదు కాదు. తుక్కుకింద అమ్ముడుపోయిన స్కూటరు, గడ్డివామి పక్కన తుప్పుపట్టి కోళ్లకు గూడుగా మారిన జీపు, కాగితం మీద ఇంకా పరుగెత్తుతూనే ఉంటాయి. అందుకని రిజిస్ట్రేషన్ల లెక్క కన్నా, ఇంటికి వచ్చి "మీకు ఏం బండి ఉంది?" అని అడిగే లెక్క నయం.

అలాంటి లెక్క జనాభా గణనలో ఉంది. 2001లో దేశంలో నూరిళ్లు తీసుకుంటే కారో జీపో ఉన్న ఇళ్లు రెండున్నర. 2011 నాటికి అవి ఐదుకు దగ్గరగా వచ్చాయి. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎనిమిది లోపు. ఇరవై ఏళ్లలో మూడింతలైనా, నూటికి తొంభైరెండిళ్లకు ఇప్పటికీ కారు లేదు. స్కూటరో మోటారు సైకిలో ఉన్న ఇళ్లు మాత్రం 2001లో పన్నెండు, 2011లో ఇరవై ఒకటి, ఆ తరువాతి సర్వేలో యాభై. మన దేశం నడిచేది నాలుగు చక్రాల మీద కాదు, రెండు చక్రాల మీద.

సరే, ఇవి దేశం లెక్కలు. ఇప్పుడు మన సీమకు వద్దాం.

నేను మాట్లాడుతున్నది ఊరిగాం గురించి. కోలారు బంగారు గనుల నడుమ ఉన్న ఊరు. ఇటు కుప్పం, వి.కోట, పలమనేరు వాసులకు, అటు బంగారుపేట, మాలూరు వారికి బాగా తెలిసిన చోటే. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడి గనులను చేపట్టింది. అంతకు ముందే, 1864లో, బెంగళూరు నుంచి జోలార్‌పేట దాకా రైలు వచ్చి ఉంది. కానీ బంగారుపేట నుంచి గనుల దాకా ఉన్న పదిమైళ్లకు ఎడ్లబండ్లే దిక్కు. బాయిలర్లైనా, ఇనుప సామానైనా ఆ కాడి కిందనే కదలాలి. 1894లో బంగారుపేట నుంచి మారికుప్పం దాకా రైలు మార్గం తెరిచారు. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం అని మనం ఈనాటికీ వినే స్టేషన్ల పేర్లు ఆ దారివే.

1902 జూన్‌లో మరో వింత జరిగింది. కావేరి మీద శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన కరెంటు, తొంభై మైళ్లకు పైగా తీగల మీద ప్రయాణం చేసి, మన గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే మూడేళ్ల ముందే మన గనుల్లో మోటార్లు తిరిగాయి. ఆ ఏడాది ఎవరైనా వచ్చి "ఈ ఊళ్లో వెయ్యిమందికి ఎన్ని కార్లు?" అని లెక్కవేసి ఉంటే, సున్నాయో, సున్నాకు దగ్గరో వచ్చేది. ఆ సున్నాను బట్టి "ఇది వెనకబడిన ఊరు" అని తీర్పు చెప్పి ఉంటే, నవ్వొచ్చే మాట కాదా?

అలాగని ఆ రోజులు బంగారు రోజులని కూడా నేననను. కాలక్రమాన కార్లూ వచ్చాయి. అవి ఎవరి ముంగిట నిలిచాయి? దొరల బంగళాల ముందు, పెద్ద ఉద్యోగుల ఇళ్ల ముందు. తమిళ జిల్లాల నుంచి, చిత్తూరు పల్లెల నుంచి, ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు గని వాకిటికి దగ్గరగా కట్టిన లైన్లలో ఉండేవారు. కూత వినబడితే నడిచి వెళ్లడం, కేజీలో కూర్చుని పాతాళానికి దిగడం, పైకి వచ్చాక మళ్లీ నడిచి ఇంటికి చేరడం. ఛాంపియన్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. నిలువుగా అంత ప్రయాణం చేసిన మనిషికి నేలమీద సొంత బండి లేదు. సరాసరి అనేది ఇలాంటి సంగతులు చెప్పదు. ఒకడి ముంగిట రెండు కార్లు, పదిమంది ముంగిట ఏమీ లేకపోయినా, సరాసరికి అందరూ సమానమే.

కారు అందరిదీ ఎలా అవుతుందో ఆ రోజుల్లో అమెరికా చూపింది. 1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టి అనే కారు తెచ్చాడు. అప్పుడు దాని ధర ఎనిమిది వందల డాలర్ల పైన. 1913లో కదిలే పట్టామీద కార్లు బిగించే పద్ధతి మొదలైంది. ధర తగ్గుతూ తగ్గుతూ 1920లలో మూడు వందల డాలర్ల లోపుకు దిగింది. 1914లోనే అతను కార్మికుడి కూలీని రోజుకు ఐదు డాలర్లు చేశాడు. కారు బిగించినవాడు కారు కొనగలిగే రోజు అలా వచ్చింది. మన గనుల నుంచి నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం బయటికి పోయింది. తవ్వినవాడి ఇంట్లో ఎంత మిగిలిందో మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికాలో జరుగుతున్నది మనవాడు ఒకడు కళ్లారా చూసి వచ్చాడు. ఆయన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. పుట్టింది ముద్దేనహళ్లిలో. ఇప్పుడది చిక్కబళ్లాపురం జిల్లా. 2007కు ముందు మన కోలారు జిల్లానే. ఇంటి పేరులోని మోక్షగుండం ఆంధ్ర దేశంలోని ఊరు. తాతల నాటి తెలుగు కుటుంబం. మైసూరు దివాన్‌గిరీ ముగించిన ఎన్నో ఏళ్లకు, డెబ్బై దాటిన వయసులో, 1935లో ఆయన యూరప్, అమెరికా వెళ్లి మోటారు కర్మాగారాలు పరిశీలించి వచ్చారు. ఇండియాలోనే కార్లు తయారుచేసే పథకం ఒకటి సిద్ధం చేశారు. అప్పటికి మన దేశంలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముతుండేవి, అంతే. విశ్వేశ్వరయ్య గారి పథకానికి బొంబాయి ప్రభుత్వం సుముఖంగానే ఉంది. ఢిల్లీలోని బ్రిటిష్ సర్కారు చేయూతనివ్వలేదు.

ఆ ఆలోచనను పట్టుకున్న వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. అంతకు ముందే, 1940లో, మైసూరు సంస్థానంతో కలిసి బెంగళూరులో విమానాల కర్మాగారం మొదలుపెట్టారు. ఈనాటి హెచ్.ఎ.ఎల్.కు మూలం అదే. నేనీ కథ ఎందుకు చెబుతున్నానంటే, ఒక దేశంలో కార్లు తక్కువగా ఉండడం ఆ జనం తలరాత కాదు. ఎవరో ఒకచోట కూర్చుని "వద్దు" అన్న మాట ఫలితం కూడా కావచ్చు.

స్వాతంత్ర్యం వచ్చాక "వద్దు" అనే మాట మరో రూపంలో కొనసాగింది. కార్ల తయారీకి లైసెన్సులు, పరిమితులు. రోడ్డు మీద కనిపించేవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. స్కూటరు బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన పెద్దలు మీలో ఉండే ఉంటారు. 1980లో మన పక్కనే ఉన్న హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 మోపెడ్ వచ్చింది. పల్లెటూరి రైతుకు నా దృష్టిలో అదే మొదటి మోటారు వాహనం. పాలక్యాను, పట్టుగూళ్ల మూట, టమోటా బుట్ట, వెనక భార్య, ముందు బిడ్డ, అన్నీ దాని మీదే. 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చింది. అప్పుడు దాని ధర సుమారు యాభై వేలు. మధ్యతరగతి మనిషి కారు గురించి కల కనడం అప్పుడు మొదలైంది.

మన ఊరిగాం పక్కనే ఇంకో విచిత్రం ఉంది. 1964లో స్థాపించిన బెమల్ కర్మాగారం ఇక్కడ బుల్‌డోజర్లు తయారుచేస్తుంది. కొండల్ని తవ్వే ఆ యంత్రాలు మన కళ్లముందు తయారై లారీలెక్కి వెళ్తుంటాయి. వెయ్యిమందికి ఎన్ని బుల్‌డోజర్లు అని ఎవరూ లెక్కవేయరు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ పట్టికలో మనకు మంచి స్థానమే దక్కేదేమో!

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పని ఉన్న చోటికి మనుషులు వెళ్లాలి. పని బెంగళూరులో ఉంది. అప్పటి నుంచి తెల్లవారకముందే మారికుప్పంలో బయలుదేరే రైలు ఈ ఊరికి ప్రాణం. నిలబడి వెళ్లి, నిలబడి తిరిగివచ్చే వేలమందిని మీరు చూసే ఉంటారు. 1894లో బంగారాన్ని తీసుకెళ్లడానికి వేసిన పట్టాల మీద ఇప్పుడు మనుషులు కూలికి వెళ్తున్నారు. వీళ్లలో ఎవరికైనా రేపటి నుంచి ఆ రైలు లేదని చెప్పి, చేతిలో కారు తాళాలు పెడితే, పెట్రోలు ఖర్చుకే జీతం చాలదు.

ఇప్పుడు మన సరిహద్దు చుట్టూ ఒకసారి చూడండి. కోలారు దగ్గర నరసాపురంలో 2013 నుంచి హోండా స్కూటర్లు తయారవుతున్నాయి. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల కర్మాగారం మొదలైంది. హోసూరులో మోపెడ్లు, లారీలు సరేసరి. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న మనం, నంబరు పలక చూసి మనిషిని గుర్తుపట్టేవాళ్లం. కె.ఎ. 08 అయితే కె.జి.ఎఫ్., ఎ.పి. 03 అయితే చిత్తూరు, టి.ఎన్. 24 అయితే కృష్ణగిరి. 2019లో ఆంధ్ర అంతటికీ ఎ.పి. 39 వచ్చాక, పెళ్లికి వచ్చిన బండి ఏ జిల్లాదో చెప్పడం కష్టమైపోయింది. ఇన్ని బండ్లు మన చేతుల మీదుగా తయారవుతున్నాయి. ఆ కర్మాగారాల్లో పనిచేసే మన పిల్లలు మాత్రం చాలామంది కంపెనీ బస్సులోనే వెళ్లి వస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. నిజానికి అదే మంచి ఏర్పాటు.

ఎందుకు మంచిదంటానో చెబుతాను. సింగపూర్ మనకంటే ఎన్నో రెట్లు ధనిక దేశం. అక్కడ సుమారు తొమ్మిదిమందికి ఒక కారు. కొనలేక కాదు. చిన్న దీవిలో చోటు చాలదని, 1990 నుంచి కారు కొనాలంటే ముందు వేలంపాటలో ఒక అనుమతి పత్రం కొనాలనే నియమం పెట్టారు. అది పదేళ్లకే చెల్లుతుంది. 2023లో ఆ పత్రం ధరే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. అయినా జనం ఇబ్బంది పడరు. రైలు, బస్సు గడియారం ప్రకారం వస్తాయి. అంటే కార్లు తక్కువగా ఉండడానికి రెండు కారణాలుంటాయి. కొనలేకపోవడం ఒకటి, అవసరం లేకపోవడం ఇంకొకటి. పట్టికలో ఆ రెండూ ఒకే అంకెగా కనిపిస్తాయి.

మన వైపు కొత్తగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి వస్తోంది. మొత్తం సుమారు 260 కిలోమీటర్లు. హోసకోట నుంచి బేతమంగళం దాకా ఉన్న భాగం మీద 2024 చివరి నుంచి బండ్లు తిరుగుతున్నాయి. చక్కటి దారి, కాదనను. కానీ స్కూటర్లకు, మోటారు సైకిళ్లకు దాని మీద అనుమతి లేదు. అంత వేగంలో అవి క్షేమం కాదు కనుక నియమం సరైనదే. అయితే ఒక్క క్షణం ఆలోచించండి. ఏ పల్లెల పొలాల మీదుగా ఆ దారి పోతోందో, ఆ పల్లెల్లో చాలా ఇళ్లకు ఉన్నవి రెండు చక్రాలే. వాళ్లకది చూసే దారి గాని, పోయే దారి కాదు. వాళ్లు పాత దారిలో లారీల మధ్యనే పోవాలి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో నూటికి నలభై నలుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. అందుకే, తమ్ముళ్లూ, పక్క ఊరికే కదా అని హెల్మెట్ ఇంట్లో వదలకండి.

నా సంగతి కూడా చెప్పాలి. లేకపోతే "ఈ మాస్టారు కారులో తిరుగుతూ మాకు నీతులు చెబుతున్నాడు" అంటారు. అవును, నాకొక పాత కారు ఉంది. మా నాన్నగారికి ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఛాతీలో నొప్పి వచ్చింది. వీధి చివర టాక్సీ నడిపే అబ్బాయి ఇంటి తలుపు తట్టి లేపాను. చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా బండి తీశాడు. నాన్నగారు బతికారు. ఆ అబ్బాయి ఆ రాత్రి ఊళ్లో లేకపోయి ఉంటే, అన్న తలంపు నన్ను వదల్లేదు. మూడు నెలల్లో అప్పు చేసి కారు కొన్నాను. అది నెలలో ఇరవై ఐదు రోజులు వేపచెట్టు కింద నిలబడే ఉంటుంది. "ఆ ఒక్క రాత్రి కోసం నెలనెలా కంతు కడుతున్నారు" అంటుంది మా ఆవిడ. నిజమే. నేను కొన్నది కారును కాదు, భయానికి మందును. పిలిస్తే వచ్చే అంబులెన్సు మీద గట్టి నమ్మకం ఉండి ఉంటే ఆ అప్పు చేసేవాణ్ణి కాదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. జవాబు వెతుకుతూ పిల్లలందరికీ ఒక పని అప్పగించాను. ఇంటికి వెళ్లి మూడు సంగతులు అడిగి రమ్మన్నాను. రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి ఎలా వెళ్తారు? పంటను సంతకు ఎలా తీసుకెళ్తారు? పదో తరగతి తరువాత చదువుకు ఎలా వెళ్తారు? మొదటి రెండింటికీ ఏదో ఒక దారి చెప్పారు. మూడో ప్రశ్న దగ్గర ఆ అమ్మాయి తలవంచుకుంది. వాళ్లక్క పదిలో మంచి మార్కులతో పాసైంది. కాలేజీ టౌన్‌లో. పొద్దున బస్సు ఉంది. సాయంత్రం ల్యాబు ముగిసేసరికి ఊరికి వచ్చే బస్సు వెళ్లిపోతుంది. చీకట్లో మెయిన్ రోడ్డు నుంచి నడిచి రావాలి. ఇంట్లో ఉన్న ఒక్క బండీ పాలకు కావాలి. నెల రోజులు చూసి చదువు మాన్పించారు.

2021లో తమిళనాడు, 2023లో కర్ణాటక, తెలంగాణ, 2025లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు ప్రభుత్వ బస్సుల్లో ఉచిత ప్రయాణ పథకాలు తెచ్చాయి. చాలా గొప్ప సంగతి. కూలికి, ఆసుపత్రికి, పుట్టింటికి వెళ్లే ఎందరికో అది చేతిలో డబ్బు పెట్టినట్టయింది. కానీ టికెట్టు ఉచితమైనా, బస్సు రావాలి కదా! రాని బస్సులో టికెట్టు ధర ఎంతైతే మాత్రం ఏం?

మరుసటి రోజు నల్లబల్ల మీద ఆ పాత పట్టికను మళ్లీ రాశాను. పక్కన ఒక కొత్త గడి గీశాను. "సాయంత్రం ఆరు తరువాత ఇంటికి చేరగలరా?" అని రాశాను. అమ్మాయిని లేపి చెప్పాను. "అమ్మా, మీ ఊళ్లో కార్లు తక్కువని మీరు కిందున్నవాళ్లు కారు. కానీ మీ అక్క కాలేజీకి పోలేకపోయింది చూడు, అక్కడ మాత్రం మనమందరమూ కిందే ఉన్నాం. నేనూ ఉన్నాను." తరగతిలో చప్పుడు లేదు. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి, "సార్, డిపోకు ఒక అర్జీ రాస్తామా?" అన్నాడు. ఆ పూట గణితం పీరియడ్‌ను కూడా అడిగి తీసుకుని, కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండు అర్జీలు రాశాం. కన్నడ అర్జీ డిపోకు, తెలుగు అర్జీ పంచాయతీ పెద్దలకు చదివి వినిపించడానికి. పెద్దలు సంతకాలు, వేలిముద్రలు వేశారు.

బస్సు ఇంకా రాలేదు. వాళ్లక్క పుస్తకాలు మాత్రం అటక మీదికి ఎక్కించలేదట. మీ ఊళ్లో కూడా ఆ మూడు ప్రశ్నలూ ఒకసారి అడిగి చూడండి. జవాబు రాని చోట ఒక కాగితం, ఒక కలం తీసుకోండి.